వరద బొమ్మ మూలన బొట్టు

కుడికంటికి కట్టుతో మా రైల్వే ఊళ్ళోని ఇందా పేటలో కంటిడాక్టరు గారి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. శుక్లం తీశారు, ఇవాళ కట్టు విప్పుతారు. ఎడమకన్ను ఎలాగూ అంతంతమాత్రమే. దాంతో చూస్తే ఎదుటిమనిషి బొగ్గింజను పొగలో నిలబడ్డట్టుంటాడు. పక్కన మా అక్క కూతురు కూర్చుంది. ఝపటాపూర్లో ఇంటి నుంచి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, తీసుకొచ్చింది. దానికి మనవలు పుట్టారు, మోకాళ్ళ నొప్పులొచ్చాయి, నా లెక్కలో మాత్రం అదింకా పొత్తిళ్ళలోనే ఉంది. ఆ సంగతి దానికి తెలుసు కాబట్టి నామీద పెత్తనం చేసి కసి తీర్చుకుంటుంది.

"పిన్నీ, తల వొంచకు. ఎన్నిసార్లు సెప్పాల?"

"వొంచనేదే. జోడు ఎక్కడెట్టినానో సూస్తన్నాను."

"జోడు నా దగ్గిరుంది. నువ్వు తిన్నగా కూకో."

తిన్నగా కూర్చుంటే కనిపించేది ఎదురుగోడ ఒక్కటే. గోడకు పెద్ద పటం ఉంది. దేవుడి పటం కాదు, క్యాలెండరూ కాదు. పాతకాలం అచ్చుబొమ్మ, నల్లటి సన్నగీతలతో వేసింది. కన్ను చికిలించి చూశాను. మొదట నీళ్ళు కనపడ్డాయి. తర్వాత ఇంటికప్పు, దాని మీద ఆవు. అది మా బొమ్మ. మేము పెరిగిన రైల్వే క్వార్టర్లో, వంటగది గుమ్మం పక్కన, నా చిన్నతనమంతా వేలాడిన వరద బొమ్మ.

మాది వర్క్‌షాపు ఫిట్టర్ల లైను. ఒకే గోడకు ఆనుకుని ఇళ్ళు, ఎర్రిటుక, ముందు అరుగంత వరండా, వెనకాల నీళ్ళ కుళాయి. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలనాడు ఈ బెంగాలీ దేశానికి వచ్చిపడ్డవాళ్ళమే సగం లైను. మిగతా సగం బెంగాలీలు, ఒరియావాళ్ళు. పొద్దున్న వర్క్‌షాపు కూత కూసేసరికి వాకిళ్ళన్నీ బొగ్గు కుంపట్ల పొగతో నిండిపోయేవి. ఒకింట్లో ఆవనూనె మరిగే వాసన, ఒకింట్లో ఎండు నెత్తళ్ళు వేగే వాసన. పక్కింటి బెంగాలీ ఆవిడను కాకీమా, అంటే పిన్ని, అనేవాళ్ళం. మా నెత్తళ్ళ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, మధ్యాహ్నం మాత్రం గిన్నె పట్టుకుని వెనకవాకిట్లోంచి వచ్చేది. మా నాయనమ్మ ఏమీ అనకుండా రెండు గరిటెలు వేసేది. ఆవిడ వెళ్ళాక అనేది.

ఆ బొమ్మ మా ఇంటికి రావడం ఒక కథ. తెల్లదొర ఒకడు ఉద్యోగం చాలించి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ బంగళా సామాను వేలం వేయించాడట. మా తాత అక్కడికి మంచం కోసం వెళ్ళి, పటం పట్టుకొచ్చాడు. బొమ్మ కోసం కాదు, చట్రం కోసం. టేకు చట్రం, సింహాచలం అప్పన్న పటానికి సరిపోతుందని. తెచ్చేటప్పుడు దారిలో ఎక్కడో తగిలి అద్దం కింది మూల కాస్తా విరిగి రాలిపోయింది. ఇంటికొచ్చాక బొమ్మ విప్పబోతే మా నాయనమ్మ అడ్డం కూర్చుందట. ఇది ఇలాగే ఉండాలి, అప్పన్నకి వేరే చట్రం చూసుకో అందట. మా తాత జన్మలో నాయనమ్మ మాట కాదన్న పాపాన పోలేదు కాబట్టి అది అలాగే గోడకెక్కింది. విరిగిన అద్దం మాత్రం రేపు మాపు అంటూ ఆయన పోయేదాకా బాగుపడలేదు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి.

బొమ్మ నిండా వరదే. ఇళ్ళు మునిగి కప్పులు మాత్రం తేలుతున్నాయి. ఒక కప్పు మీద ఆవు, ఇంకో కప్పు మీద ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకావిడ రెండు చేతులూ పైకెత్తి అరుస్తోంది. చెట్టు చివర పట్టుకుని వేలాడుతున్న ముసలాయన. వెనకాల కూలిన వంతెన. నట్టనడుమ నీళ్ళలో చెక్క ఉయ్యాల, ఉయ్యాలలో చంటిబిడ్డ. ఉయ్యాల కొట్టుకుపోతోంది, కుడిచేతి వైపు కింది మూలకు. ఆ మూలన ఏముందో నాకు తెలీదు. నాకు ఊహ తెలిసేసరికే ఆ మూల పసుపు కుంకుమలతో గట్టి పెచ్చు కట్టుకుపోయి ఉంది.

అదంతా మా నాయనమ్మ పని. ప్రతి శుక్రవారం తలంటుకుని, అప్పన్నకు దీపం పెట్టి, ఆ చేత్తోనే వచ్చి వరద బొమ్మకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. సరిగ్గా ఆ అద్దం లేని మూలనే. కాగితం మీదే పెట్టేది. గంగమ్మకు పసుపు కుంకుమ ఇస్తోందని లైనంతా అనుకునేవారు. మా వైపు ఏరు పొంగితే పసుపు కుంకుమ, రవికెల గుడ్డ నీళ్ళలో వదిలి తల్లీ శాంతించమని దండం పెట్టుకోవడం ఉంది కదా, అలాగే అనుకున్నారు. మా అమ్మ మాత్రం విసుక్కునేది.

"గంగమ్మకి నడుమ ఎట్టొచ్చు గదత్తా. ఆ మూలకేటి? కాయితం సివికి పోతంది."

"నీకేటి తెలుసే. నా సెయ్యి అక్కడికే ఎల్తది."

నా బెంగ బొట్టు గురించి కాదు, ఉయ్యాల గురించి. అన్నం తినేటప్పుడు ఆ బొమ్మ ఎదురుగానే కూర్చోబెట్టేవారు. ముద్ద నోట్లో పెట్టుకుని ఉయ్యాలనే చూసేదాన్ని.

"నాయనమ్మా, అది ఎక్కడికెల్తంది?"

"ఒడ్డుకి."

"ఒడ్డేదీ?"

"ఉంటాది. నువ్వు ముద్ద మింగు."

"మునిగిపోతే?"

"మునగదు."

ఎలా మునగదో చెప్పేది కాదు. బియ్యంలో రాళ్ళేరుకుంటూ, తల ఎత్తకుండా, మునగదు అనేది. పెద్దవాళ్ళు పిల్లల నోరు మూయించడానికి చెప్పే మాటల్లో అదొకటి అనుకునేదాన్ని.

ఏడాదికోసారి పాసు తీసుకుని ఊరెళ్ళేవాళ్ళం. పచ్చడి జాడీలు, పరుపుచుట్ట, మరచెంబు, బుట్టెడు ముఢీ, అంటే మరమరాలు. బెంగాలీవాళ్ళ ముఢీ తింటూ శ్రీకాకుళం వెళ్ళి, మనవాళ్ళ తాటితాండ్ర తింటూ తిరిగొచ్చేవాళ్ళం. బాలాసోర్, భద్రక్ దాటాక వైతరణి వంతెన వచ్చేది. అవును, ఆ వైతరణే. పురాణంలో చచ్చాక దాటవలసిన ఏరు. మా మద్రాసు లైను మీద మాత్రం టికెట్టో పాసో ఉంటే చాలు. వంతెన ఇంకా ఉందనగానే మా ముసలమ్మలంతా కిటికీల దగ్గర సర్దుకునేవారు. కొంగుముడి విప్పి కాణీ తీసి, కళ్ళకద్దుకుని, నీళ్ళలోకి విసిరేవారు. పిల్లలం కాణీ దూలానికి తగిలి ఠంగుమంటుందా లేదా అని చెవులు రిక్కించేవాళ్ళం. మా నాయనమ్మ కాణీ ఎప్పుడూ ఠంగుమనలేదు. గురి అలాంటిది.

"బతికుండగానే దాటేస్తన్నాం. సచ్చీనాక మల్లీ దాటక్కర్నేదు," అనేది పక్కవాళ్ళతో. "ఆవు తోకా గీవు తోకా అక్కర్నేదు. గార్డుబాబు ఉన్నాడు."

పెట్టె పెట్టెంతా నవ్వేది.

ఇక ఆ వానల సంగతి. మా అక్క పెళ్ళై, శ్రీకాకుళం వైపు మా సొంతూళ్ళోనే అత్తవారింట ఉండేది. తొలిచూలు. పురుటికి తీసుకురావడానికి నాన్న సెలవూ పాసూ పెట్టుకుని వెళ్ళాడు. అసలు ఏడోనెలలోనే తేవలసింది. అక్క అత్తగారు ఆషాఢమంది, తర్వాత నోములంది, వినాయకచవితి వెళ్ళనీమంది. ఆవిడకు పనిమనిషి దొరికేదాకా ముహూర్తాలు దొరకలేదని మా అమ్మ అనేది. చివరికి నెలలు నిండవచ్చాక పంపారు. ఇటు అమ్మ పురుటికి అంతా సిద్ధం చేసింది. పాత చీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చించింది. శొంఠి, పిప్పళ్ళు, వాము దంచి, బెల్లం పాకంలో నువ్వులనూనె పోసి కాయం చేసి జాడీకెత్తింది. బాలింత తినే మందది. ఇంట్లో ఆ ఘాటువాసన ఎంత కమ్మగా ఉండేదంటే నేను ఓర్చుకోలేకపోయాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే జాడీ మూత తీసి ఒక ఉండ, దాని వెనక ఇంకో ఉండ నోట్లో వేసుకున్నాను. కాసేపటికి కడుపులో నిప్పులు పోసినట్టైంది. కుళాయి కింద నోరు పెట్టుకుని ఏడుస్తుంటే నాయనమ్మ వచ్చి వాసన చూసింది. తిట్టలేదు. మజ్జిగ తాగించింది.

"ఓలమ్మ, నీళ్ళాడకుండానే బాలింతైపోయింది సూడండీ," అని లైనంతా వినేలా కేకేసింది. అంతకన్నా రెండు దెబ్బలు వేసుంటే బావుండేది.

ఆ మర్నాటి నుంచే వాన పట్టుకుంది. ఆగి ఆగి కాదు, ఏకధార. గుడ్డలు ఆరవు, బొగ్గు అంటుకోదు, గోడలు చెమర్చాయి. నాన్న, అక్క బయల్దేరిన రోజు మాకు తెలుసు. మద్రాసు మెయిలు ఎప్పుడొస్తుందో చూడటానికి మాకు గడియారం అక్కర్లేదు, దాని కూత తెలుసు. ఆవేళకు అమ్మ ఎసరు పెట్టి కూర్చుంది. టాటా వైపు బళ్ళు కూస్తున్నాయి, హౌరా వైపు బళ్ళు కూస్తున్నాయి. మా బండి కూయలేదు. ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. అమ్మ మళ్ళీ నీళ్ళు పోసింది.

వార్త తెచ్చింది కంట్రోల్ బాబాయి. మా లైనుకు చివరి ఇంట్లో ఉండేవాడు. కంట్రోలాఫీసులో పని, ఏ బండి ఎక్కడుందో ఫోనులో వినేవాడు. లైనులో ఎవరి చుట్టం బయల్దేరినా ముందు ఆయనకే చెప్పుకునేవాళ్ళం. గొడుగు ముడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహం చూసే నాయనమ్మ చేట కింద పెట్టింది.

"బండికేటీ కానేదు పెద్దమ్మా. కట్ట తెగిపోనాది. పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో ఏలాడతన్నాయట. ముందే సూసి ఆపేసినారు."

"ఎక్కడ?" అంది అమ్మ.

బాబాయి నసిగాడు. "వైతరణి కాడ వదినా. అవతలొడ్డున ఉన్నారు."

అమ్మ ఒక్క కేక పెట్టి కూలబడింది. నిండుచూలాలు, వైతరణి అవతలొడ్డు. ఆ రెండు మాటలూ పక్కపక్కన వింటే ఏ తల్లికైనా ప్రాణం నిలుస్తుందా? "వైతరణి కాడికి ఎల్లిపోనాదే నా తల్లి," అని తల బాదుకుంది. బాబాయి పాపం, అది రైల్వేవాళ్ళ వైతరణి వదినా, దాని మీద వంతెనుంది, వంతెన నిక్షేపంలా ఉంది, తెగింది కట్ట మాత్రమే అని చెబుతూనే ఉన్నాడు. ఆవిడ చెవికెక్కలేదు. కాకీమా పరుగెత్తుకొచ్చి అమ్మను పట్టుకుంది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. కాకీమా పెసరపప్పు కిచిడీ వండి తెచ్చింది, ఆవనూనెలో వేయించిన వంకాయ ముక్కలతో. నాకు సిగ్గుగా ఉంది కానీ ఆకలిగా కూడా ఉంది. కడుపునిండా తిన్నాను.

తింటూ ఉయ్యాల వైపు చూశాను. అప్పుడే నాకా భయం పట్టుకుంది. వరద, కూలిన వంతెన, నీళ్ళలో బిడ్డ. బొమ్మలో ఉన్నదంతా జరుగుతోంది. ఇక మిగిలింది ఉయ్యాల ఒక్కటే. అది మునిగిందంటే అక్క బిడ్డ మునిగినట్టే. ఆ రోజునుంచి నేను ఆ బొమ్మ ముందునుంచి కదల్లేదు. కన్నార్పితే ఉయ్యాల మునిగిపోతుందేమోనని కళ్ళు నీళ్ళు కారేదాకా తెరిచి ఉంచేదాన్ని. బడికి పొమ్మంటే కడుపునొప్పి అన్నాను. కాయం మహిమ అనుకుని నమ్మారు.

నమ్మనిది నాయనమ్మ ఒక్కతే. ఒక సాయంకాలం వచ్చి నా పక్కన చతికిలబడింది. ఒళ్ళో చింతపండు పోసుకుని పిక్కలు తీస్తోంది.

"ఏటే గుంటా, దాన్ని అలగ సూస్తన్నావు?"

చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పిక్క తీసి పక్కన పెట్టింది.

"మీ నాన్నకి నెలలు. నడక రానేదు, కూకోడం కూడా రానేదు," అంది. "ఏరు పొంగి ఊళ్ళోకొచ్చీసింది. మీ తాత ఇక్కడ పన్లో ఉన్నాడు, నానొక్కతినే. కప్పెక్కినాను. నీళ్ళు కప్పు దాకా వొచ్చీసినాయి. తట్టలో గుడ్డలేసి, గుంటణ్ణి అందులో ఎట్టి, కొంగుతో తట్టని సూరికి కట్టినాను. కొంగు ఊడిపోనాది. తట్ట ఎల్లిపోనాది."

"అమ్మో! నాన్నా?"

"మీ నాన్నే. నా కళ్ళెదటే ఎల్లిపోతంది తట్ట. అరిసినాను. ఎవులుంటారు, అందురూ నాలాగే కప్పులెక్కినారు. అప్పుడు ఎక్కడినించొచ్చినాడో, ఒకడు దోనిలో వొచ్చినాడు. గెడతో తట్టని లాక్కున్నాడు. తెచ్చి నా సేతికిచ్చి, నన్నూ దోనిలో ఎక్కించి, గట్టు మీద దింపీసినాడు. మల్లీ అటే ఎలిపోనాడు, ఇంకెవులో అరుస్తంటే. ఆడి పేరు అడగనేదు. ఊరు అడగనేదు. మొకమేనా తిన్నగా సూడనేదే. దండమెట్టడానికి సేతులు కాళీ నేవు, గుంటడున్నాడు."

ఒళ్ళోని చింతపండు చేటలోకెత్తింది. తర్వాత, "అందుకే సెప్తన్నాను. మునగదు," అని చింతపండు చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకా కథ నచ్చింది. తట్టలో కొట్టుకుపోతున్న మా నాన్నను, మీసాలతో సహా, ఊహించుకుని నవ్వొచ్చింది కూడా. కానీ ఈ ఉయ్యాల దగ్గర దోనె ఏది? బొమ్మంతా వెతికాను. కప్పులున్నాయి, ఆవుంది, చెట్టుంది. దోనె లేదు. మళ్ళీ కాపలా కూర్చున్నాను.

విశ్వకర్మ పూజ వచ్చింది. మా రైల్వే ఊరికి అంతకన్నా పెద్ద పండగ లేదు. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు మా అందరికోసం తెరిచేవారు. వాన కాస్త తెరిపిచ్చింది. అమ్మ రానంది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది, దేవుడి మీద అలిగితే పనౌతుందా అంటూ. లోపల ఎటుచూసినా ఇంజన్లకు బంతిపూల దండలు, యంత్రాలకు పసుపు కుంకుమలు, నూనె వాసనలో అగరొత్తుల వాసన కలిసి అదొక వింత వాసన. నాన్న పనిచేసే బెంచీ దగ్గర ఆయన సుత్తులు, ఆకురాళ్ళు కడిగి వరసగా పేర్చి ఉన్నాయి. తోటి ఫిట్టర్లెవరో వాటికీ బొట్లు పెట్టారు. మనిషి లేకుండా పనిముట్లకు పూజ జరిగిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ ఆ సుత్తిని ఒకసారి నిమిరింది. ఇద్దరికీ బూందీ పొట్లాలిచ్చారు. నేను తినలేదు. అక్క కోసం దాచాను. అంటే, కొంచెం తిన్నాను.

తిరిగొస్తూ మా లైను మలుపు తిరిగామో లేదో, మా ఇంటిముందు రిక్షా ఆగి ఉంది. దాని చుట్టూ జనం. పరుగెత్తాను. నాన్న! గడ్డం మాసి, మోకాళ్ళదాకా బురద, ఒక కాలికే చెప్పు. రిక్షాలో అక్క, వాడిపోయిన తోటకూర కాడలా ఉంది కానీ నవ్వుతోంది. అక్క ఒళ్ళో గళ్ళ తుండుగుడ్డ చుట్టిన మూట. ఆ మూట ఏడుస్తోంది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. అమ్మ అక్కను తడుముతోంది, తలనుంచి కాళ్ళదాకా, అన్నీ ఉన్నాయో లేవో అన్నట్టు. కాకీమా శంఖం తెచ్చి ఊదేసింది. కంట్రోల్ బాబాయి ఎవరూ అడక్కుండానే బండి వివరాలు చెబుతున్నాడు. నాన్న వరండా మెట్టు మీద కూలబడి నీళ్ళు తాగి చెప్పాడు. కట్ట తెగినచోట ఇవతలివైపుకు ఇంకో బండి తెచ్చి నిలిపారట. నడుమ ఉన్న నీళ్ళు దాటించడానికి పల్లెవాళ్ళు పడవలు వేశారట. అక్కకు అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. మగాళ్ళంతా ముందెక్కాలని తోసుకుంటుంటే, పడవవాడు ఒకడు గెడ అడ్డం పెట్టి అందరినీ ఆపేశాడట.

"'మా, బొసో', కూకో తల్లీ అని, దీన్ని సెయ్యి పట్టుకుని నడుమ కూకోబెట్టినాడమ్మా. ఎవుల్నీ ఎక్కనివ్వనేదు, నన్నూ దీన్నీ తప్ప. తన తుండుగుడ్డ కూడా ఇచ్చీసినాడు. ఇవతలొడ్డుకొచ్చి, టేసన్లో ఆడోళ్ళ వెయిటింగు రూములో దింపినానో నేదో, ఇది పుట్టీసింది. అక్కడ ఊడ్సే దీదీయే మంత్రసాని."

ఆ గళ్ళ గుడ్డలో బిడ్డ గుక్కపట్టింది. నాయనమ్మ జనాన్ని తోసుకుని నాన్న ముందుకొచ్చింది.

"పేరడిగినావా?" అంది.

"ఎవుల్ని?"

"పడవోణ్ణి."

నాన్న చెంబు కింద పెట్టాడు. "నేదమ్మా. ఆ గాబరాలో…"

"నానూ అడగనేదు. నువ్వూ అడగనేదు," అంది నాయనమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. అందరూ బిడ్డను అందుకుంటుంటే ఆవిడ అందుకోలేదు. తిన్నగా లోపలికి వెళ్ళింది. ఆ రోజు శుక్రవారం కాదు. అయినా కుంకుమ భరిణె తీసి, వరద బొమ్మ మూలన, రూపాయి కాసంత బొట్టు పెట్టింది. పెట్టి చేతులు జోడించింది. అప్పుడొచ్చి మనవరాలి కూతుర్ని ఎత్తుకుంది. నేను వెనకే వెళ్ళి ఉయ్యాల చూశాను. మునగలేదు. వెంటనే ఆకలేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో నవ్వులే నవ్వులు. బిడ్డకు వైతరణి అని పేరు పెడదామంది నాయనమ్మ. అమ్మ చెవులు మూసుకుంది. కంట్రోల్ బాబాయి మాత్రం ఇవతలి బండికీ అవతలి బండికీ మధ్య పుట్టింది కాబట్టి ట్రాన్‌షిప్‌మెంట్ అని పిలవడం మొదలుపెట్టాడు. లైనంతా అదే అందుకుంది. దాని అసలు పేరు బడిలో చేరేదాకా ఎవరికీ గుర్తులేదు. ఇవాళ నా జోడు పట్టుకుని పక్కన కూర్చున్నది అదే. కాయం సగమే ఉందేమని అక్క అడిగినప్పుడు నేను కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాను.

నాయనమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది. ఆవిడతోపాటే బొట్టు పెట్టడమూ ఆగిపోయింది. నాన్న పని చాలించి క్వార్టరు ఖాళీ చేసినప్పుడు పటం దించబోతే కాగితం చెదలు తిని పొడి రాలింది. చట్రం మిగిలింది. మా తాత అనుకున్నట్టు చివరికి అప్పన్న పటం అందులో ఎక్కింది. బొగ్గింజన్లు పోయాయి. ఆ లైను పడగొట్టేశారు, ఇప్పుడక్కడ తుప్పలు, వాటి మధ్య మా కుళాయి గొట్టం ఒకటి నిలబడుంది. కాకీమావాళ్ళు ఎటుపోయారో. నిన్నమొన్నటిదాకా కలలో ఎప్పుడైనా ఆ ఉయ్యాల కనపడితే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంత వయసొచ్చినా అది ఇంకా ఒడ్డు చేరలేదు కదా అనిపించేది.

లోపలికి పిలిచారు. డాక్టరుబాబు కట్టు విప్పి, మందు తుడిచి, కళ్ళు తెరవమన్నాడు. తెరిచాను. ఆయన చొక్కా బొత్తాం మీద దారం కూడా కనపడింది. మా పిల్ల మొహం మీద ఇన్ని ముడతలున్నాయని అప్పుడే చూశాను. "అయ్యో, ముసల్దానివైపోనావే," అన్నాను. అది కోప్పడాలో సంతోషించాలో తెలీక కళ్ళు తుడుచుకుంది.

బయటికి రాగానే తిన్నగా గోడ దగ్గరికి నడిచాను. ఆవుంది. చేతులెత్తిన ఆవిడుంది. ఉయ్యాల ఉంది, బిడ్డ పిడికిలి కూడా కనపడుతోంది. దాని వెంట చూపు కిందికి జరిపాను. మూల నా నడుమెత్తున ఉంది. తల వంచకూడదు. గోడ పట్టుకుని, తల తిన్నగా ఉంచి, మోకాళ్ళ మీద మెల్లగా కిందికి దిగాను.

"పిన్నీ! ఏటిది, నేలమీద కూకుంటన్నావు? దాదా, ఒకసారి పట్టుకోండి!" అని మా పిల్ల పక్కనున్న మనిషిని కేకేసింది.

"ఉండవే."

ఆ మూలన దోనె ఉంది.

దోనెలో మనిషి. టోపీ పెట్టుకున్నాడు, తెల్లదొరల పల్లెటూరివాడిలా ఉన్నాడు. ఒక మోకాలు దోనె అంచుకు ఆన్చి, ఒళ్ళంతా ముందుకు వాల్చి, గెడ చాచాడు. గెడ కొస ఉయ్యాల అంచుకు తగిలే ఉంది. పట్టుకున్నాడు. ఎప్పుడో పట్టుకున్నాడు.

నా మూర్ఖపు బుర్రకు అప్పుడు తెలిసింది. నాయనమ్మ గంగమ్మకు బొట్టు పెట్టలేదు. వీడికి పెట్టింది. ప్రతి శుక్రవారం, దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేక వదిలేసిన వాడికి, చేతులు ఖాళీ చేసుకుని పెట్టింది. పెట్టి పెట్టి వాణ్ణి పసుపు కుంకుమల కింద కప్పేసింది. అది ఆవిడకు తట్టి ఉండదు. ఆవిడ కంటికి వాడు ఎప్పుడూ కనపడుతూనే ఉన్నాడు కాబట్టి మాకూ కనపడుతున్నాడనే అనుకుని ఉంటుంది. అందుకే మునగదు అనేది, తల ఎత్తకుండా. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ కొట్టుకుపోతున్న బిడ్డను ఇన్నాళ్ళకు ఎవరో నా చేతికిచ్చినట్టైంది.

డాక్టరుబాబు గొడవ విని బయటికొచ్చాడు. "ఓటా ఎఖాన్‌కార్ నోయ్, మాషీమా," అన్నాడు, మన దేశపు వరద కాదు, సీమదేశంలో ఏదో ఊరిదని. పాత పుస్తకాల దుకాణంలో దొరికితే తెచ్చుకున్నాడట. ఏ ఏరు, ఏ ఊరు అని నేను అడగలేదు. నాయనమ్మా అడిగి ఉండదు.

నా నుదుటి మీద స్టిక్కరు బొట్టు ఉంది. తీశాను. అద్దం మీద, ఆ దోనెవాడి టోపీ కింద, నుదురు ఉండేచోట అంటించాను.

"ఓలమ్మ, పిన్నీ! ఎవులేనా సూస్తే?" అని మా పిల్ల నా చెయ్యి లాగబోయి ఆగింది. అది నా పక్కనే గోడకానుకుని వంగి, బొట్టును చూసింది, గెడను చూసింది, ఉయ్యాలను చూసింది.

"ఎవులు పిన్నీ ఆయన?"

"పేరు తెల్దే," అన్నాను. "మనింట్లో ఎవులూ అడగనేదు."